డీటీఎఫ్ ప్రింటర్ కొనిచ్చే ముందు: దాతల కోసం ఒక పరిశీలన

మన సమాజంలో ఉపాధి కోసం ఇచ్చే విరాళం అనగానే మొదట గుర్తొచ్చేది కుట్టుమిషన్. దశాబ్దాలుగా ఎందరో దాతలు కుట్టుమిషన్లు కొనిచ్చారు, వాటి మీద ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి. ఇప్పుడు కాలం మారింది. టీషర్టుల మీద బొమ్మలు వేసే డీటీఎఫ్ ప్రింటర్ కొనిస్తే పది మంది యువకులకు, మహిళలకు పని దొరుకుతుంది కదా అని అడిగే దాతలు పెరుగుతున్నారు. ఆలోచన మంచిదే. అయితే ఈ యంత్రానికీ కుట్టుమిషన్‌కూ ఒక పెద్ద తేడా ఉంది. కుట్టుమిషన్ ఆరు నెలలు మూలన పడి ఉన్నా నాలుగు చుక్కల నూనె వేస్తే మళ్లీ నడుస్తుంది. డీటీఎఫ్ ప్రింటర్‌ను రెండు మూడు వారాలు పట్టించుకోకుండా వదిలేస్తే అందులోని అత్యంత ఖరీదైన భాగమే పాడైపోవచ్చు. లక్షల్లో విరాళం పెట్టే ముందు ఈ ఒక్క విషయం అర్థమైతే మిగిలిన లెక్కంతా సులువుగా అర్థమవుతుంది. దాత సొమ్ము మన చేతిలో అమానత్ కాబట్టి, ఈ యంత్రాన్ని ఎలా అంచనా వేయాలో ఈ వ్యాసంలో ఒక్కొక్కటిగా చూద్దాం.

పని ఎలా జరుగుతుంది

డీటీఎఫ్ అంటే నేరుగా ఫిల్మ్ మీద అచ్చు వేసే పద్ధతి. బట్టను యంత్రంలో పెట్టరు. పాలిస్టర్ జాతికి చెందిన పారదర్శకమైన పీఈటీ ఫిల్మ్ మీద బొమ్మను అద్దంలో కనిపించినట్టు తిరగేసి అచ్చు వేస్తారు. ముందు రంగులు పడతాయి, వాటి పైన తెల్ల సిరా పొర పడుతుంది. ఫిల్మ్ నుంచి బట్టకు మారినప్పుడు ఆ తెల్లపొర అడుగుకు పోయి, రంగులు పైకి వస్తాయి. నల్ల టీషర్టు మీద కూడా ఎరుపు ఎర్రగా, పసుపు పచ్చగా కనిపించడానికి కారణం ఆ తెల్లపొరే.

సిరా తడిగా ఉండగానే దాని మీద సన్నని గమ్ము పొడి చల్లుతారు. ఇది వేడికి కరిగి అంటుకునే టీపీయూ అనే ప్లాస్టిక్ పొడి. సిరా ఉన్న చోట పొడి అంటుకుంటుంది, మిగతాది దులిపేస్తారు. తర్వాత ఓవెన్‌లోనో, హీట్ ప్రెస్‌కు తగలకుండా కింద ఉంచో రెండు మూడు నిమిషాలు వేడి చేస్తారు. పొడి కరిగి పొరలా మారుతుంది. ఈ దశ దాటిన ఫిల్మ్‌ను చుట్టి, తేమ తగలకుండా దాచుకుని, అవసరమైనప్పుడు వాడుకోవచ్చు. చివరిగా ఫిల్మ్‌ను బట్ట మీద పెట్టి సుమారు 150 నుంచి 160 డిగ్రీల సెల్సియస్ వేడిలో 10 నుంచి 15 సెకన్లు నొక్కుతారు. ఫిల్మ్ రకాన్ని బట్టి వేడిగా ఉండగానో, చల్లారాకో లాగేస్తారు. మళ్లీ కొన్ని సెకన్లు నొక్కితే పని పూర్తవుతుంది.

ఇక్కడ దాతలు గమనించాల్సిన సంగతి ఒకటుంది. అచ్చు వేయడం, బట్టకు అంటించడం రెండూ వేర్వేరు పనులు. ఒకే చోట, ఒకే మనిషి, ఒకే రోజు చేయాల్సిన అవసరం లేదు. ఈ మాట వ్యాసం చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

పాత పద్ధతులతో పోలిక

ఒకే డిజైన్ వందల సంఖ్యలో కావాలంటే స్క్రీన్ ప్రింటింగ్ ఇప్పటికీ చవకే. కానీ అందులో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ తయారు చేయాలి. పది టీషర్టుల ఆర్డర్‌కు నాలుగు స్క్రీన్లు చేస్తే గిట్టుబాటు కాదు. సబ్లిమేషన్ పద్ధతిలో రంగు దారంలోకే ఇంకిపోతుంది, చేతికి పొర తగలదు. కానీ అది పాలిస్టర్ బట్టకే, అదీ తెలుపు లేదా లేత రంగులకే పనికొస్తుంది. వినైల్ కటింగ్‌లో పేర్లు, నంబర్లు బాగా వస్తాయి గానీ సన్నని గీతలున్న బొమ్మల చుట్టూ అనవసరమైన ముక్కలు ఏరి తీసేసరికి పొద్దుపోతుంది.

డీటీఎఫ్ బలం చిన్న ఆర్డర్లలో, ఎక్కువ రంగుల్లో ఉంది. కాటన్, పాలిస్టర్, రెండూ కలిసిన బట్ట, ముదురు రంగు, లేత రంగు అన్నిటి మీదా పడుతుంది. ఊరి క్రికెట్ టోర్నమెంట్‌కు పదిహేను జెర్సీలు, ఒక హోటల్ సిబ్బందికి ఇరవై చొక్కాలు, ఒక పాఠశాల క్రీడాదినోత్సవానికి నాలుగు రంగుల జట్లు, ఇలాంటివి దీనికి సరైన పనులు. బలహీనత కూడా చెప్పుకోవాలి. బొమ్మ పెద్దదైతే బట్ట మీద ప్లాస్టిక్ పొర ఉన్నట్టే అనిపిస్తుంది, ఆ భాగంలో గాలి ఆడదు. మన ఎండల్లో వీపు నిండా బొమ్మ వేసిన టీషర్టు తొడుక్కున్నవాడికి ఆ సంగతి వెంటనే తెలుస్తుంది.

యంత్రంలో చూడాల్సిన భాగాలు

మొదటిది ప్రింట్ హెడ్. సిరాను సూక్ష్మమైన రంధ్రాల గుండా చిమ్మే భాగం ఇదే. మార్కెట్లో దొరికే చాలా డీటీఎఫ్ యంత్రాల్లో, పెట్టె మీద పేరు ఏదైనా, లోపల హెడ్ ఎప్సన్‌దే ఉంటుంది. ఎక్స్‌పీ600 రకం చిన్న ప్రింటర్ల కోసం పుట్టిన హెడ్. ధర తక్కువ, ఆయుష్షూ తక్కువే. ఐ3200 రకం పరిశ్రమల కోసం చేసినది, దాంట్లో 3200 రంధ్రాలుంటాయి. ధర ఎక్కువ, వేగం, మన్నిక ఎక్కువ. ఇందులో మళ్లీ నీటి ఆధారిత సిరాలకు ఏ1 అనే రకం వేరే ఉంది, డీటీఎఫ్‌కు కావాల్సింది అదే. ఇవి కాక, ఎల్1800 వంటి ఫొటో ప్రింటర్లను మార్చి డీటీఎఫ్‌గా అమ్మేవాళ్లూ ఉన్నారు. నేర్చుకోవడానికి అవి సరిపోవచ్చు. కానీ వాటిని ఈ పని కోసం తయారు చేయలేదు కాబట్టి రోజంతా నడిపే ఉత్పత్తికి వాటి మీద ఆధారపడలేం. అమ్మకందారు ధర చెప్పగానే హెడ్ ఏ రకం, ఎన్ని ఉన్నాయి, ఒక హెడ్ మార్చాల్సి వస్తే ఎంత అవుతుంది అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోవాలి.

రెండోది తెల్ల సిరా తిరిగే ఏర్పాటు. తెల్ల సిరాలో ఉండే టైటానియం డయాక్సైడ్ నీటి కన్నా సుమారు నాలుగు రెట్లు సాంద్రమైన పదార్థం. కదలకుండా ఉంచితే అడుగుకు దిగి గొట్టాల్లో, రంధ్రాల్లో పేరుకుపోతుంది. అందుకే మంచి యంత్రాల్లో సిరాను కలిపే ఫ్యాన్ లేదా పంపు ఉంటుంది. అది ట్యాంకులో మాత్రమే కలుపుతుందా, హెడ్ దగ్గరి దాకా సిరాను తిప్పుతుందా అని చూడాలి. ప్రింటర్ ఆపేసినా అది నడుస్తుందా అనేది కూడా అంతే ముఖ్యం.

మూడోది పొడి చల్లి కాల్చే భాగం. చేత్తో చల్లితే ఖర్చు తక్కువ, కానీ పొడి గాలిలో లేస్తుంది, ఒక్కో షీటు ఒక్కోలా వస్తుంది. షేకర్, ఓవెన్ కలిసి ఉన్న యంత్రం రోల్ ఫిల్మ్‌కు తప్పనిసరి. కరిగేటప్పుడు పొగ, వాసన వస్తాయి. బయటికి పంపే గొట్టమో, ఫిల్టరో ఉందో లేదో చూడాలి.

నాలుగోది రిప్ సాఫ్ట్‌వేర్. బొమ్మలో ఎక్కడ ఎంత తెలుపు వేయాలో, రంగు అంచు బయటికి తెలుపు కనిపించకుండా ఎంత లోపలికి జరపాలో నిర్ణయించేది ఇదే. లైసెన్సు ఉన్న కాపీయా కాదా, కంప్యూటర్ మారిస్తే మళ్లీ డబ్బు కట్టాలా అన్నది ముందే తెలుసుకోవాలి.

గది, కరెంటు, వాతావరణం

యంత్రం బాగున్నా గది బాగాలేకపోతే ప్రయోజనం లేదు. డీటీఎఫ్‌కు గదిలో వేడి 20 నుంచి 30 డిగ్రీల మధ్య, గాలిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే మంచిది. మన దగ్గర ఈ రెండూ కష్టమే. విశాఖ, మచిలీపట్నం, నెల్లూరు వంటి తీరప్రాంతాల్లో వానాకాలం తేమకు గమ్ము పొడి ఉండలు కడుతుంది, ఫిల్మ్ చెమ్మ పీలుస్తుంది, సిరా లేని చోట కూడా పొడి అంటుకుంటుంది. రామగుండం, నంద్యాల వైపు ఎండాకాలం పొడిగాలికి హెడ్ రంధ్రాల దగ్గర సిరా ఎండిపోతుంది. అంటే ఒకచోట ఏసీ, డీహ్యూమిడిఫైయర్ ఖర్చు, ఇంకోచోట ఏసీతో పాటు తేమ పెంచే ఏర్పాటు ఖర్చు తప్పవు. రేకుల షెడ్డులో ఈ యంత్రం పెట్టడం సిరాను, డబ్బును ఆవిరి చేసుకోవడమే. తేమ కొలిచే హైగ్రోమీటర్ కొన్ని వందల రూపాయలకే వస్తుంది. యంత్రం కొనకముందే దాన్ని తెచ్చి గదిలో కొన్ని వారాలు పెట్టి, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అంకెలు రాసుకోవడం మంచిది.

కరెంటు సంగతి మరోటి. పని ఆగినప్పుడు హెడ్ వెళ్లి తన మూత మీద కూర్చుంటుంది. ఆ మూతే దాన్ని ఎండిపోకుండా కాపాడుతుంది. అచ్చు మధ్యలో కరెంటు పోతే హెడ్ దారిలోనే నిలిచిపోయి గాలికి ఎండుతుంది. కాబట్టి ప్రింటర్‌కు యూపీఎస్ విలాసం కాదు, అవసరం. ఓవెన్‌ను, హీట్ ప్రెస్‌ను యూపీఎస్ మీద నడపనక్కర్లేదు. మామూలు సైజు హీట్ ప్రెస్ ఒక్కటే సుమారు ఒకటిన్నర నుంచి రెండు కిలోవాట్లు లాగుతుంది. దానికి సరిపడా వైరింగ్, ఎర్తింగ్ ఉండాలి.

నమూనా చూసి మోసపోకుండా

షోరూములో అమ్మకందారు చూపించే నమూనా ఎప్పుడూ బాగానే ఉంటుంది. మన ఫైలు మనమే తీసుకెళ్లాలి. అందులో సన్నని తెలుగు అక్షరాలు, ఉర్దూ నస్తాలీఖ్ రాత, ఒక మనిషి ముఖం, ఒక నిండు నలుపు, ఒక లేత రంగు నుంచి ముదురుకు మారే భాగం ఉండాలి. ఒత్తులు, నుక్తాలు అతుక్కోకుండా విడివిడిగా పడ్డాయా చూడాలి. బట్టలు కూడా మనవే తీసుకెళ్లాలి. తెల్ల కాటన్, నల్ల కాటన్, ముదురు రంగు పాలిస్టర్ జెర్సీ, స్కూలు యూనిఫాం బట్ట ఉంటే చాలు.

ముదురు పాలిస్టర్‌ను ప్రత్యేకంగా పరీక్షించాలి. వేడికి ఆ బట్ట రంగు కరిగి తెల్లపొరలోకి పాకుతుంది. ఎర్ర జెర్సీ మీద తెల్ల నంబరు ఆ రోజు తెల్లగానే ఉండి, కొన్ని రోజులకు గులాబీ రంగుకు తిరగవచ్చు. అందుకే ఆ నమూనాను వారం తర్వాత మళ్లీ చూడాలి.

ఉతుకు పరీక్షలో ఇంకో కిటుకు ఉంది. ఇన్ని ఉతుకుల దాకా గ్యారంటీ అని అమ్మకందారు చెప్పే మాట సాధారణంగా మెషిన్‌లో, చల్లని నీళ్లలో, బట్ట తిరగేసి ఉతికిన లెక్క. మన ఇళ్లలో సబ్బు బిళ్ల రుద్ది, బ్రష్ కొట్టి, బండ మీద బాదే అలవాటు ఇంకా ఉంది. కాబట్టి నొక్కిన తర్వాత ఒక రోజు ఆగి, మన పద్ధతిలోనే పదిసార్లు ఉతికి ఆరేసి చూడాలి. అంచులు లేస్తే గమ్ము సరిగా అంటలేదని, లాగితే పగుళ్లు వస్తే సిరా సరిగా కాలలేదని లేదా తెలుపు ఎక్కువైందని, సూదిమొన చుక్కల్లా బట్ట కనిపిస్తే తెల్ల సిరా రంధ్రాలు మూసుకుపోయాయని అనుమానించాలి. పెద్ద ఆర్డర్లు ఇచ్చే సంస్థలు ల్యాబ్ పరీక్ష అడగవచ్చు. ఉతుకుకు ఐఎస్ఓ 105-సీ06, రాపిడికి ఐఎస్ఓ 105-ఎక్స్12 అనే ప్రమాణాలున్నాయి. కొనేవారికి ఒక చీటీ కూడా ఇవ్వాలి: బొమ్మ మీద నేరుగా ఇస్త్రీ పెట్టవద్దు, తిరగేసి పెట్టాలి. గమ్ము వేడికి అంటుకున్నది, వేడికే మళ్లీ మెత్తబడుతుంది.

అసలు లెక్క

ఇప్పుడు దాతకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగానికి వద్దాం. కింది అంకెలు లెక్క చేసే పద్ధతి చూపడానికి మేము అనుకున్నవి మాత్రమే. ప్రతి ఊళ్లో ధరలు కనుక్కుని ఈ స్థానంలో అసలు అంకెలు వేసుకోవాలి.

ప్రింటర్, షేకర్ ఓవెన్, యూపీఎస్ అన్నీ కలిపి 3,60,000 రూపాయలు అనుకుందాం. మూడేళ్లలో ఆ విలువ తిరిగి రావాలంటే నెలకు 10,000 పక్కన పెట్టాలి. విరాళంగా వచ్చిన యంత్రానికి ఈ లెక్క ఎందుకు అని అడగవచ్చు. మూడేళ్ల తర్వాత యంత్రం అరిగిపోతే మళ్లీ దాత దగ్గరికి వెళ్లకుండా ఉండడానికే. దాన్ని నడిపే మనిషికి 15,000. గది అద్దె, ఏసీ, కరెంటుకు 8,000. హెడ్, డ్యాంపర్లు, మూతలు, గొట్టాల మార్పిడి కోసం పొదుపు 5,000. మొత్తం నెలకు 38,000. అచ్చు వేసినా వేయకపోయినా ఈ ఖర్చు ఉంటుంది.

60 సెంటీమీటర్ల వెడల్పున్న ఫిల్మ్ ఒక మీటరు అచ్చుకు ఫిల్మ్, సిరా, పొడి కలిపి 120 రూపాయలు, పదింట ఒకటి పాడవుతుందని అనుకుంటే మంచి మీటరుకు సుమారు 133 రూపాయలు. మీటరు 300కు అమ్మితే మిగిలేది 167. నెల ఖర్చు 38,000ను 167తో భాగిస్తే సుమారు 228 మీటర్లు. నెలకు 25 పనిదినాలైతే రోజుకు 9 మీటర్లు.

ఒక మీటరులో ఎంత పని ఉందో కూడా చూద్దాం. 10 సెంటీమీటర్ల చదరపు ఛాతీ లోగోలు అడ్డంగా 5, నిలువుగా 9 చొప్పున 45 పడతాయి. వీపు నిండా వేసే 27 x 38 సెంటీమీటర్ల బొమ్మలైతే నాలుగే పడతాయి, మిగిలిన చోట చిన్న లోగోలు సర్దుకోవచ్చు.

యంత్రం గంటకు 3 మీటర్లు వేస్తుందనుకున్నా రోజుకు 9 మీటర్లంటే మూడు గంటల పనే. అంటే చిక్కు యంత్రం వేగంలో లేదు, ఆర్డర్లలో ఉంది. అమ్మకందారు గంటకు ఎన్ని మీటర్లో గొప్పగా చెబుతాడు. మనం అడగాల్సింది నెలకు 228 మీటర్ల పని ఎవరిస్తారని. నెలకు 100 మీటర్ల పనే దొరికితే వచ్చేది 16,700, తగ్గేది 21,300. ఏడాదికి 2,55,600 రూపాయల లోటు. ఆ లోటు భర్తీ చేయలేక యూనిట్ మూతపడితే తెల్ల సిరా గొట్టాల్లో గడ్డకడుతుంది, దాత పేరు రాసిన బోర్డు మాత్రం గోడకు మిగులుతుంది.

మెట్టు మెట్టుగా ఇవ్వడం

ఈ లెక్కలోనే దారి కూడా ఉంది. అచ్చు వేయడం, అంటించడం వేర్వేరు పనులని ముందే చెప్పుకున్నాం. ఈరోజు చాలా నగరాల్లో మీటరు లెక్కన ఫిల్మ్ అచ్చు వేసి ఇచ్చే దుకాణాలున్నాయి. బయట మీటరు 300కు దొరికితే, నెలకు 228 మీటర్ల లోపు పని ఉన్నవారికి సొంత యంత్రం కన్నా బయట వేయించుకోవడమే చవక. కాబట్టి దాతలు విరాళాన్ని మూడు మెట్లుగా ఇవ్వాలని మా సూచన.

మొదటి మెట్టులో ఒక మంచి హీట్ ప్రెస్, డిజైన్ చేయడానికి కంప్యూటర్, కొద్దిపాటి టీషర్టుల నిల్వ. దేశంలో అల్లిక బట్టల కేంద్రమైన తిరుప్పూర్ నుంచి సాదా టీషర్టులు టోకున తెప్పించుకోవచ్చు. వైరింగ్ సరిగా ఉంటే హీట్ ప్రెస్‌ను ఇంట్లో ఒక గదిలోనే పెట్టుకోవచ్చు. దాన్ని వారం ఆపినా పాడవదు. కుట్టుమిషన్‌లాగే ఓపిక పట్టే యంత్రం అది. గడప దాటి పనికి వెళ్లలేని మహిళలకు ఇది ముఖ్యమైన సంగతి. ప్రింటర్, పొడి కాల్చే ఓవెన్ మాత్రం నివాస గదుల్లో, పిల్లలున్న చోట పెట్టకూడదు.

రెండో మెట్టులో ఆర్డర్ల పుస్తకం చూడాలి. బయట వేయించిన ఫిల్మ్ ఎన్ని మీటర్లో నెలనెలా రాయించాలి. జూన్‌లో బడులు తెరిచినప్పుడు, క్రీడాపోటీల కాలంలో పని పెరుగుతుంది, మిగతా నెలల్లో తగ్గుతుంది. కాబట్టి ఒక మంచి నెల చూసి నిర్ణయించకూడదు, ఏడాది సగటు చూడాలి.

మూడో మెట్టులో సగటు గిట్టుబాటు అంకె దాటితే ప్రింటర్ కొనివ్వాలి. అప్పుడు కూడా యంత్రం ధరతో పాటు ఆరు నెలల సిరా, ఫిల్మ్, ఒక అదనపు హెడ్ సొమ్ము కలిపి ఇస్తేనే విరాళం పూర్తయినట్టు. రోజూ ఉదయం నాజిల్ పరీక్ష అచ్చు తీసి, తేదీ వేసి ఫైలులో పెట్టే బాధ్యత ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించాలి. ఆయన సెలవు పెడితే ఎవరు చూస్తారో కూడా రాసి ఉండాలి. సెలవు రోజున కూడా ఈ యంత్రాన్ని ఒకసారి పలకరించాల్సిందే.

ఇంకొక హెచ్చరిక. పేరున్న కంపెనీల గుర్తులు అచ్చు వేసి అమ్మితే డబ్బు వేగంగా వస్తుందని ఆశ పెట్టేవాళ్లు ఉంటారు. అనుమతి లేకుండా అలా చేయడం 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం నేరం. దాత సొమ్ముతో నిలబడిన యూనిట్‌లో అలాంటి సంపాదనకు చోటు ఉండకూడదు. శిక్షణలో మొదటి రోజే ఈ మాట చెప్పాలి.

దాత అడగాల్సిన ప్రశ్నలు

చెక్కు మీద సంతకం పెట్టే ముందు ఈ ప్రశ్నలకు రాతపూర్వకమైన జవాబులు కోరడం దాత హక్కు.

1. గత ఏడాది నెలకు సగటున ఎన్ని మీటర్ల పని దొరికింది? పుస్తకం ఏది?
2. ఇక్కడి ధరల ప్రకారం గిట్టుబాటు అంకె ఎంత?
3. హెడ్ ఏ రకం, మార్పిడి ఖర్చు ఎంత, ఆ సొమ్ము ఎక్కడ దాచారు?
4. సర్వీసు మనిషి ఏ ఊళ్లో ఉంటాడు, పిలిస్తే ఎన్ని గంటల్లో వస్తాడు?
5. గదిలో తేమ, వేడి అంకెలు రాసిన కాగితం ఉందా?
6. మన పద్ధతిలో పదిసార్లు ఉతికిన నమూనా చూపిస్తారా?
7. యంత్రం ఎవరి పేరు మీద ఉంటుంది, యూనిట్ ఆగిపోతే అది ఎవరికి చెందుతుంది?

ఈ ఏడింటిలో మొదటిదానికి జవాబు లేకపోతే మిగతా ఆరు అడగనక్కర్లేదు. ఆ విరాళంతో నాలుగు ఇళ్లకు నాలుగు హీట్ ప్రెస్‌లు ఇవ్వండి. వారి ఆర్డర్ల పుస్తకాలు నిండిన రోజున ప్రింటర్ సంగతి మళ్లీ మాట్లాడుకుందాం.